పాలరాతి సైకీ వీపును చదివిన రాజ్యలక్ష్మి

రాజ్యలక్ష్మి గారు కన్నుమూశారన్న వార్త మార్చి నెలలో ఒక శుక్రవారం ఉదయం, చికాగో శివారు షామ్‌బర్గ్ రైల్వే స్టేషన్ పార్కింగ్‌లో కారు ఆపుతుండగా నాకు తెలిసింది. ఫోన్ చేసింది ఆమె భర్త శ్రీనివాసరావు గారు. "డాక్టర్ గారూ, రాజ్యం లేదండీ. నిన్న సాయంత్రం స్ట్రోక్ వచ్చింది. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే లేట్ అయిందన్నారు. పొద్దున పోయింది," అని చెప్పి ఆయన ఫోన్ కూతురు మేఘన చేతికిచ్చారు.  ఆ పిల్ల ఊపిరి మాత్రం వినపడింది.

ఎక్కవలసిన రైలు వెళ్ళిపోయింది. యాభై రెండేళ్ళ మనిషి. నాలుగు రోజుల కిందటే నాతో ఫోన్‌లో గొడవపడ్డ మనిషి. తెలుగు సంఘం పిల్లలు మ్యూజియం చూడటానికి వస్తే వాళ్ళకు శిల్పాలు ఎవరు చూపించాలన్నదే ఆ గొడవ. "నువ్వు కథలు చెప్పి పంపిచ్చేస్తావు డాక్టరమ్మా, రాయిని చూడనీయవు," అంది. నేను ఫోన్ పెట్టేశాను. అదే మా చివరి సంభాషణ.

తరవాతి రైలెక్కి సీట్లో కూర్చున్నాక నా మనసులో మెదిలిన మొదటి ఆలోచన ఏమిటో దాచకుండా రాస్తాను: 'ఈరోజు మ్యూజియంలో అందరూ ఆమె కోసం ఏడుస్తారు.' ఆ ఆలోచనలో శోకం కంటే అసూయ ఎక్కువుంది. మరణించిన మనిషి మీద కూడా అసూయపడగలనని నాకు ఆరోజే తెలిసింది.

మన సంఘం పత్రిక సంపాదకులు నన్ను ఆమెకు అత్యంత ఆప్తురాలిగా భావించి ఈ వ్యాసం రాయమన్నారు. తొమ్మిదేళ్ళు మేమిద్దరం ఒకే కప్పు కింద పనిచేశాం. ఆ తొమ్మిదేళ్ళూ నేను ఆమెను అభిమానించాను, అంతకు మించి ఈర్ష్యపడ్డాను. ఈ రెండోది దాచి మొదటిది రాస్తే ఆ వ్యాసంలో రాజ్యలక్ష్మి ఉండదు.

నేను హన్మకొండలో పుట్టి, రామప్ప గుడి మదనికల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుని, పెళ్ళయ్యాక 2001లో హెచ్-4 వీసా మీద ఈ దేశం వచ్చాను. ఉద్యోగం చేసే వీలు లేదు. చికాగోలోని ఒక కళా మ్యూజియంలో జీతం లేని గైడుగా చేరాను. నాకు అప్పగించింది పాలరాతి స్త్రీమూర్తుల గది. గ్రీకు, రోమన్ పురాణాల దేవతలూ కన్యలూ అక్కడ వరసగా కొలువుదీరి ఉంటారు. తల మాత్రం మిగిలిన జూనో, చేతులు లేని వీనస్, పిల్లల్ని పోగొట్టుకుని ఆకాశం వైపు చూసే నయోబీ. వీళ్ళందరిలోకీ సందర్శకులకు ఇష్టమైనది సైకీ. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో స్థిరపడిన ఒక అమెరికన్ శిల్పి పేరు మీద ఉన్న విగ్రహం అది. సీతాకోకచిలుక రెక్కలున్న యువతి రాతి మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న బరిణె మూత తీయబోతూ ఉంటుంది.

రాజ్యలక్ష్మిని నేను మొదటిసారి చూసింది ఆ విగ్రహం దగ్గరే. అప్పటికి నేను గైడుగా చేరి మూడేళ్ళు. చికాగో దగ్గరి అరోరా నుంచి మన తెలుగు ఆడవాళ్ళు పదిమంది వ్యాన్‌లో వచ్చారు. నేను సైకీ కథ తెలుగులో చెబుతున్నాను. మానవకన్య అయిన సైకీ సౌందర్యానికి సాక్షాత్తూ వీనస్ దేవతే అసూయపడటం, కంటికి కనపడని భర్త దొరకడం, ఆ వైభవం చూసి ఓర్వలేని అక్కలు లేనిపోని అనుమానాలు నూరిపోసి ఆమె కాపురం చెడగొట్టడం, వీనస్ పాతాళం నుంచి తెమ్మన్న బరిణెను ఆమె దారిలోనే తెరవడం, చివరకు ప్రేమ గెలవడం. అందరూ కన్నార్పకుండా వింటున్నారు. అంతలో గార్డు కేక వినపడింది: "మేడమ్! స్టెప్ బ్యాక్ ప్లీజ్!" నీలం చీర మీద స్వెట్టర్ వేసుకున్న ఒకావిడ తాడు దాటిపోయి, విగ్రహానికీ గోడకూ మధ్య సందులోకి తల దూర్చి చూస్తోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "అక్కా, అట్ల పోవద్దు. ఇవతలకు రా," అన్నాను.

"ముందు వైపు అందురూ చూస్తారమ్మా. పని వెనక వైపు తెలిసిద్ది," అంది ఆవిడ, కదలకుండా.

గొడవ విని శిల్పాల సంరక్షణ విభాగం పెద్ద మార్గరెట్ వచ్చింది. నీలం చీర ఆవిడ సైకీ జుట్టులో పెసరగింజంత గుంట ఒకటి చూపించి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, మిగతాది చేతులతో చెప్పింది. అది దెబ్బ కాదు, కొలత చుక్క. మట్టి బొమ్మకు ప్లాస్టర్ అచ్చు తీసి, దాని మీద చుక్కలు పెట్టుకుని, ప్రతి చుక్క నుంచీ లోతు కొలిచి రాతిలోకి దించుతారు. పని అయ్యాక గుంటలన్నీ చెరిపేయాలి. ఇది ఒక్కటి మరిచిపోయారు. "పేరున్న పెద్దాయన చేసింది మట్టి బొమ్మ. దిస్, వర్కర్స్ డూయింగ్," అంది.

నాకు తెలియని విషయం కాదు. పుస్తకాల్లో చదివాను. కానీ మూడేళ్ళుగా రోజూ ఆ విగ్రహం ముందు నిలబడుతూ ఆ గుంటను నేను చూడలేదు. మార్గరెట్ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీరెవరు?" అని అడిగింది. నేనక్కడ చేరినప్పటి నుంచీ నన్ను ఆ ప్రశ్న ఎవరూ అంత ఆసక్తిగా అడగలేదు.

ఆమె పల్నాట రాళ్ళు చెక్కే వాళ్ళింటి ఆడపిల్ల. తండ్రి దేవతామూర్తులు చెక్కేవాడు. చదువు పదో తరగతితో ఆగింది. మొగపిల్లలకు ఉలి ఇచ్చేవారు, ఆడపిల్లలకు ఆకురాయి. చెక్కడం అయిపోయిన విగ్రహాన్ని రుద్ది రుద్ది నునుపు చేయడమే పదేళ్ళ వయసు నుంచీ ఆమె పని. "మా నాయన చేసిన లక్ష్మమ్మలందరికీ తలంటి పోసింది నేనే," అనేది. మేనత్త కొడుకు శ్రీనివాసరావు గారు కంప్యూటర్లు చదివి అరోరా వచ్చారు, ఆయన వెంట ఈమె.

నెల తిరగకుండానే రాజ్యలక్ష్మి సంరక్షణ విభాగంలో వాలంటీరుగా చేరింది. రెండేళ్ళకు వాళ్ళ గ్రీన్ కార్డులు రాగానే ఉద్యోగం ఇచ్చారు. అదే నెలలో మాకూ గ్రీన్ కార్డులొచ్చాయి. డాక్టరేట్ జతచేసి నేను పెట్టిన అప్లికేషన్‌కు మాత్రం ప్రస్తుతం ఖాళీలు లేవని మర్యాదగా ఉత్తరం వచ్చింది. ఆరోజు ఆమె లడ్డూలు చేసి తెచ్చింది. రెండు తిన్నాను. మూడు రోజులు ఆమెకు కనపడకుండా తిరిగాను.

ఆమె పని చేస్తుంటే చూడటం ఒక అనుభవం. మెత్తని బ్రష్‌తో వీనస్ భుజం మీద దుమ్ము తీసేటప్పుడు రెండో చెయ్యి గాలిలో ఆ భుజం వంపునే అనుసరిస్తూ ఉండేది. సందర్శకులు నా కథ వింటూ వింటూ మెల్లగా అటు జరిగిపోయేవారు. ఇంగ్లీషు సరిగా రాని ఆమె చుట్టూ పదిమంది మూగేవారు. నా ముందు ఇద్దరో ముగ్గురో మిగిలేవారు, అదీ మొహమాటం కొద్దీ.

సత్పురుషుల సంస్మరణల్లో సాత్త్వికగుణాలు ఏకరువు పెట్టడం రివాజు. రాజ్యలక్ష్మి సాత్త్వికురాలు కాదు. నోరు కరుకు. మనసులో మాట ఎదుటివాళ్ళ మొహం మీదే అనేది. ఒకసారి సైకీ కథ మళ్ళీ చెప్పించుకుని, అంతా విని, "ఆ అక్కలకు బొమ్మల్లేవా?" అని అడిగింది.

"వాళ్ళకెందుకుంటయక్కా? అసూయతో చెడగొట్టినోళ్ళు."

"కథ నడిపింది వాళ్ళేగా. పాపం, ఒక్కడన్నా చెక్కలేదు," అని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకు అర్థమేదైనా ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అరోరాలో వాళ్ళ గరాజ్‌లో కార్లకు చోటుండేది కాదు. కిచెన్ కౌంటర్‌టాప్‌లు కోసే షాపుకు వెళ్ళి మిగిలిపోయిన పాలరాతి ముక్కలు తెచ్చుకునేది. చిన్నప్పుడు తనకివ్వని ఉలి నలభై ఐదేళ్ళకు పట్టి, పాదాలు చెక్కేది. ఎప్పుడూ ఆడవాళ్ళ పాదాలే. "మొహం చెక్కే ధైర్యం ఇంకా రాలా," అనేది. ఒక శనివారం నేనూ ఉలి పట్టుకుని, "నాకు నేర్పక్కా," అన్నాను. మూడో దెబ్బకే బొటనవేలు చితికింది. ఆమె వేలికి బ్యాండేజ్ చుడుతూ, "ఈ వయసులో నీ చేతికి రాదులే. నీకు నోరుంది, అది చాలు," అంది. ఓదార్చడానికే అన్నదేమో. నాకు మాత్రం తలుపు మూసేసినట్టనిపించింది.

ఇక రాయక తప్పని సంగతికి వస్తాను.

ఒక వేసవిలో గోడలకు రంగులు వేయడానికి విగ్రహాలన్నీ గది మధ్యకు జరిపారు. సైకీ వెనక భాగం తొలిసారి వెలుతురులోకి వచ్చింది. మార్గరెట్ సెలవులో ఉంది. నేను కాఫీ తీసుకుని వెళ్ళేసరికి రాజ్యలక్ష్మి నేల మీద కూర్చుని టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తోంది. రెక్కల కింద, నడుము చుట్టూ ఉన్న చీరకుచ్చెళ్ళ లాంటి మడతల్లో మెరుగు పెట్టని చోట సన్నని ఉలి గీతలున్నాయి.

"డాక్టరమ్మా, ఇటు చూడు. ఈమెను ఇద్దురు చెక్కారు."

"ఎట్ల తెలిసింది?"

"పైన భుజం కాడ గీతలు ఒకవైపు వాలినయ్యి. కింద కుచ్చిళ్ళలో రెండోవైపు వాలినయ్యి. ఈ కింద చేసినోడు ఎడంచేతి వాటం." టార్చి ఆ గీతల మీదే నిలిపింది. "మంచి పనోడమ్మా. గుడ్డ బరువు ఎంతో తెలిసినోడు. వాడి పేరు ఎక్కడా లేదు గదా?"

లేదు. ఉన్నది ఆ అమెరికన్ శిల్పి పేరొక్కటే.

ఆ శరత్కాలంలో గైడులు ఒక్కొక్కరూ ఒక్కో విగ్రహం మీద బహిరంగ ఉపన్యాసం ఇవ్వాలని మ్యూజియం వారు కోరారు. నేను 'సైకీని చెక్కిన రెండు చేతులు' అనే అంశం ఇచ్చాను. "నా పరిశీలనలో తేలిందేమంటే" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం కంప్యూటర్‌లో టైప్ చేస్తున్నప్పుడు నా వేళ్ళు ఆగలేదు. తరవాత ఆమె పేరు చేర్చవచ్చులే అనుకున్నాను. చేర్చలేదు.

హాలు నిండింది. మూడో వరసలో రాజ్యలక్ష్మి, పక్కన పద్నాలుగేళ్ళ మేఘన. నేను కుచ్చెళ్ళ దగ్గరికి రాగానే ఆ పిల్ల గొంతు స్పష్టంగా వినపడింది: "మమ్మీ, ఇది నీదే కదా! నువ్వే డిన్నర్‌లో చెప్పావ్!" "ఊరుకోవే," అని తల్లి మందలించడమూ వినపడింది. తెలుగు తెలిసినవాళ్ళు ఆ హాల్లో మేం ముగ్గురమే.

ఉపన్యాసం అయ్యాక, తాపీపని చేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి, "ఎడమచేతివాడని ఎలా చెప్పగలిగారు?" అని అడిగాడు. నాకు గీతలు వాలడం గుర్తుంది. ఎటు వాలితే ఏ చేయో గుర్తు లేదు. "గీతల లోతును బట్టి," అన్నాను. ఆయన ముఖం చిట్లించాడు. ముందు వరసలో రాసుకుంటున్న మార్గరెట్ కలం ఆగింది. 

అప్పుడు రాజ్యలక్ష్మి లేచింది. "ఐ షో," అంటూ ముందుకొచ్చింది. కుడిచేత్తో సుత్తి, ఎడమచేత్తో ఉలి పట్టుకున్నట్టు అభినయించి, దెబ్బ కుడి పక్క నుంచి ఎడమకు ఎలా దిగుతుందో గాలిలో గీసి చూపింది. తరవాత చేతులు మార్చింది. గీత తిరగబడింది. హాల్లో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. "డాక్టర్ ఈజ్ రైట్. లెఫ్ట్ హ్యాండ్," అని చెప్పి వెళ్ళి కూర్చుంది. చప్పట్లు మారుమోగాయి. నన్ను కాపాడిన ఆ క్షణంలో కూడా, ఆ చప్పట్లు ఆమెకని నా కడుపు మండింది.

పార్కింగ్‌లో ఆమె కోసం పరుగెత్తాను. "అక్కా, థాంక్స్," అన్నాను.

"నీకోసం లేవలా," అంది.  "మా నాయన ఎడంచేతి వాటం. ఆ చేత్తో దేవుణ్ణి చెక్కగూడదని ఊళ్ళో పెద్దోళ్ళు ఎంత ఏడిపిచ్చారో నీకేం తెలుసు? చాటుగా చెక్కేవాడు. ఆ గీతల మీద ఆకురాయి పెట్టి చెరిపింది నేను, ఎవురికీ తెలియకుండా. ఇక్కడికొచ్చి ఆ గీతలు మళ్ళా చూశా. నువ్వు లోతంటివి. ఆయన పనిని తప్పు చెప్తుంటే కూర్చోలేకపోయా. అంతే." కారు తలుపు తీస్తూ, "నీ వ్యాసం నువ్వు రాసుకో. నాతో మాట్లాడమాక," అంది.

ఏడాదిన్నర మాట్లాడలేదు. ఆ ఉపన్యాసం మ్యూజియం పత్రికలో నా పేరుతో అచ్చయింది. దాని బలంతోనే విద్యావిభాగంలో నాకు ఉద్యోగం వచ్చింది. నేటికీ ఆ ఉద్యోగమే చేస్తున్నాను.

మౌనాన్ని ముగించింది ఆమే. ఒకరోజు నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "వీనస్ తల ఆమెది కాదు. రాయి వేరు. తలలో రవ్వ పెద్దది, ఒంట్లో సన్నం. ఎప్పుడో ఎవురో వేరే ఆమె తల తెచ్చి అతికారు. మార్గరెట్‌కి రిపోర్ట్ ఇవ్వాలి. ఇంగ్లీషులో రాసిపెట్టు. ఈసారి పేరు నాది."

నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని రాశాం. ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పించుకునేది. 'దివ్యలావణ్యం' అని ఎక్కడో రాస్తే కొట్టేయించింది. "అది నీ కథలో పెట్టుకో. ఇది రాయి." చివర ఆమె పేరు టైప్ చేస్తుంటే నా వెనకే నిలబడి, స్పెల్లింగ్ రెండుసార్లు చదివించుకుంది. మార్గరెట్ ఆ రిపోర్ట్‌ను ఆమోదించింది. వీనస్ పక్కన ఫలకం మారింది. ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒక ఘడియలో నేను క్షమాపణ అడగవలసింది. ఆమె అడగనివ్వలేదని రాసుకుంటే నాకు బాగుంటుంది. అది అబద్ధం. నేనే అడగలేదు.

అంత్యక్రియల తరవాత మేఘన నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళింది. ఇప్పుడు తనకు పంతొమ్మిదేళ్ళు. తన తెలుగు ఎప్పటిలాగే తడబడుతోంది. "ఆంటీ, మీకు ఒకటి చెప్పాలి. అమ్మకి మీరంటే చాలా జెలస్."

"నేనంటేనా?"

"యా. మీ టూర్స్ ఉంటే అమ్మ నెక్స్ట్ రూమ్‌లో క్లీనింగ్ పెట్టుకునేది, వినడానికి. ఇంటికొచ్చి బాత్రూమ్ మిర్రర్ ముందు సైకీ స్టోరీ ఇంగ్లీష్‌లో ప్రాక్టీస్ చేసేది. మధ్యలో స్టక్ అయిపోయి ఏడ్చేది. 'ఆ నోరు నాకుంటే' అనేది, ఆల్వేస్." కళ్ళు తుడుచుకుని, "ఐ థింక్ మీకు తెలియదు అనుకున్నా," అంది.

తెలియదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి తెలిసినా ఎంత తేలికపడేదాన్నో.  అరలో పదకొండు జతల పాలరాతి పాదాలున్నాయి, ఒక్క ముఖమూ లేదు.

మర్నాడు మార్గరెట్ దగ్గరికి వెళ్ళి సైకీ సంగతి మొత్తం చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "రాసి ఇవ్వు," అంది. రాసి ఇచ్చాను. నా ఉద్యోగం ఏమవుతుందో ఈ వ్యాసం మీ చేతికి వచ్చేనాటికి తేలుతుంది. ఏది తేలినా న్యాయమే. రాజ్యలక్ష్మి వంటి కళ్ళూ చేతులూ ఆ మ్యూజియానికి మళ్ళీ దొరకవు. నన్ను అంతగా కుతకుతలాడించిన మనిషి, అంతగా ఎదగాలనిపించేట్టు చేసిన మనిషి, నాకూ మళ్ళీ దొరకదు. ఆ ఎడమచేతి శిల్పి కూతురికి నా సాష్టాంగ నమస్కారం. ఆమె బతికుండగా చేయవలసిన నమస్కారమిది.

మొన్న మంగళవారం ఒక బృందాన్ని సైకీ దగ్గరికి తీసుకెళ్ళాను. కథ క్లుప్తంగా ముగించి, వాళ్ళను విగ్రహం వెనక వైపుకు నడిపించాను. టార్చిలైటు పక్క నుంచి వేసి గీతలు చూపించాను. ఇక్కడ పనిచేసింది పేరు తెలియని ఒక ఎడమచేతివాటం పనివాడనీ, అతణ్ణి గుర్తుపట్టింది ఈ మ్యూజియంలోనే పనిచేసే రాజ్యలక్ష్మి అనీ చెప్పాను.

ఒకావిడ ముచ్చటపడి, "ఆమెను కలవవచ్చా?" అని అడిగింది.

"ఇవాళ రాలేదండీ," అన్నాను.